ఆ పిల్లకి వాడిలో ఏం కనపడిందో! – ఓటీటీ ప్రేమకథలకు రివ్యూ రాయడం ఎలా

మా పిన్ని రివ్యూలు చదవదు. కానీ ఓటీటీలో ఏ ప్రేమకథ పెట్టినా, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఓరకంట చూస్తూనే, అరగంట తిరక్కముందే ఒక మాట అంటుంది: "అసలు ఆ పిల్లకి వాడిలో ఏం కనపడిందో!" నేను కొన్నేళ్లుగా ఇంట్లో కూర్చుని చూసే ప్రేమ సినిమాలకీ సిరీస్‌లకీ రివ్యూలు రాస్తున్నాను. రెండు పేజీల్లో నేను చెప్పలేకపోయినది ఆవిడ ఆ ఒక్క ముక్కలో తేల్చేసిన రోజులు చాలా ఉన్నాయి. ప్రేమకథకు రివ్యూ రాయడమంటే ఆ ప్రశ్నకు సినిమా జవాబు చెప్పిందా, ఎగ్గొట్టిందా అని చూడటమే. కెమెరా, పాటలు, నిర్మాణ విలువలు అన్నీ దాని తర్వాతే.

నేను చేసే వరుసలోనే చెప్తాను. కొన్ని మెట్లు చిన్నవి, ఒకటి మాత్రం బాగా పెద్దది.

1. చూస్తున్నది ఏ రకమో ముందే తేల్చుకోండి

నేరుగా ఓటీటీకి వచ్చిన సినిమా వేరు, థియేటర్లో ఆడి వచ్చింది వేరు, సిరీస్ వేరు, విడివిడి కథలన్నీ ఒక పేరు కింద వచ్చే ఆంథాలజీ వేరు. 2020 అక్టోబరులో కలర్ ఫోటో నేరుగా ఆహాలో వచ్చింది, మరుసటి నెలే మిడిల్ క్లాస్ మెలొడీస్ ప్రైమ్‌లో వచ్చింది. ఆ రెండింటినీ జనం మొదటిసారి చూసింది ఈలల మధ్య కాదు, లాక్‌డౌన్ అలసటలో, సోఫాలో. థియేటర్ కోసం రాసిన సినిమాలో హీరో ఎంట్రీకి ఇచ్చే ఆ పది సెకన్ల గ్యాప్ ఇంట్లో చూస్తే వెలితిగా అనిపిస్తుంది. అది ఎడిటర్ తప్పు కాదు, ఆ గ్యాప్ ఈలల కోసం వదిలింది. ఈ తేడా తెలియకపోతే లేని తప్పు పడతారు.

ఇంకోటి, ప్రేమ ఆ కథలో ముందు వరసలో ఉందా, వెనక వరసలో ఉందా? మిడిల్ క్లాస్ మెలొడీస్‌లో గుంటూరులో హోటల్ పెట్టడం, ఆ బొంబాయి చట్నీ ముందు వరసలో ఉంటాయి, ప్రేమ వాటి పక్కన కూర్చుంటుంది. దాన్ని పట్టుకుని "లవ్ ట్రాక్ బలంగా లేదు" అని రాస్తే, ఇడ్లీ ఆర్డరిచ్చి ఇందులో పెరుగు లేదేంటని అడిగినట్టే. అలాగే 2022లో వచ్చిన మోడరన్ లవ్ హైదరాబాద్‌లో ఆరు కథలున్నాయి. మూడు నగేష్ కుకునూర్ తీస్తే, మిగతావి వెంకటేష్ మహా, ఉదయ్ గుర్రాల, దేవికా బహుధనం తలా ఒకటి తీశారు. పేరులో లవ్ ఉన్నా అందులో ఒకటి, రేవతి, నిత్యామీనన్ చేసినది, తల్లీకూతుళ్ల కథ. ఇలాంటివాటికి ఆరింటికీ కలిపి సగటు తీసి ఒక మార్కు ఇవ్వకండి. ఏ రెండు చూడాలో, ఏది వదిలేసినా పర్లేదో చెప్పండి, చదివేవాళ్లకు కావాల్సింది అదే.

2. టీవీ సంగతి చూసుకోండి

ఈ మెట్టు అందరూ దాటేస్తారు. నేనూ దాటేసి తిట్లు తిన్నాను. ఒక సినిమాలో రాత్రి సీన్లన్నీ చీకటిగా ఉన్నాయని కెమెరామన్‌ని ఒక పేరా నిండా కడిగేశాను. వారం తర్వాత మా తమ్ముడు వచ్చి, రిమోట్ లాక్కుని, టీవీలో కరెంటు ఆదా చేసే మోడ్ తీసేశాడు. అదే సీను, డాబా మీద వెన్నెల, అమ్మాయి ముఖం మీద పడే నీడ, అన్నీ అద్దంలా కనిపించాయి. ఆ పేరా తీసేసి, ఎందుకు తీశానో కింద రాసుకోవాల్సి వచ్చింది.

కాబట్టి ఆ మోడ్ తీసేయండి. మోషన్ స్మూతింగ్ అనో, ఒక్కో టీవీలో ఒక్కో పేరుతోనో ఇంకో ఆప్షన్ ఉంటుంది. అది మధ్యలో లేని ఫ్రేములు కల్పించి కదలికను నున్నగా చేస్తుంది, సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమా కూడా మధ్యాహ్నం సీరియల్లా తయారవుతుంది. అదీ ఆపేయండి. మాటలు వినపడక మ్యూజిక్ మాత్రం మోగిపోతుంటే, సౌండ్ మిక్సింగ్ బాలేదని రాసేముందు ఒక్క సీను ఇయర్‌ఫోన్స్‌తో వినండి. నెట్ నెమ్మదించినప్పుడు బొమ్మ మసకబారితే అది దర్శకుడి పాపం కాదు, మీ డేటా ప్యాక్ పాపం.

3. మొదటిసారి ఆపకుండా చూడండి, ఫోన్ పట్టుకున్న నిమిషం రాసుకోండి

ఇంట్లో చూడటంలో ఉన్న సుఖమూ రోగమూ ఒకటే: ఆపొచ్చు. అందుకే మొదటి చూపులో ఆపొద్దు. 1.5 స్పీడు అస్సలు పెట్టొద్దు, ఎందుకంటే ప్రేమకథలో సగం విషయం మాటకీ మాటకీ మధ్య ఉన్న మౌనంలో ఉంటుంది, స్పీడు పెంచితే ముందు పోయేది అదే. హత్య ఎవరు చేశారో స్పీడులో కూడా తెలుస్తుంది కానీ ఆమె ఎందుకు తల దించుకుందో తెలియదు.

పక్కన ఒక కాగితం పెట్టుకోండి. మీ చెయ్యి దానంతటది ఫోన్ మీదికి వెళ్లిన ప్రతిసారీ స్క్రీన్ మీద ఎన్నో నిమిషమో రాయండి. దాని పక్కనే కారణం రాయండి: కుక్కర్ విజిలా, ఆఫీసు మెసేజా, బోరా. నిజాయితీగా. మూడు "బోర్"లు ఒకే పావుగంటలో పడితే సినిమా అక్కడ జారింది. అప్పుడు మీరు "సెకండాఫ్‌లో కాస్త ల్యాగ్" అనే అరిగిపోయిన రికార్డు వేయనక్కర్లేదు, "హీరో బెంగళూరు వెళ్లిపోయాక ఇరవై నిమిషాలు సినిమాకి ఏం చేయాలో తోచలేదు" అని గట్టిగా రాయొచ్చు. దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. ఫోన్ మోగుతున్నా ఎత్తని చోటు ఒకటి ఉంటుంది చూశారా, దాన్ని పెద్ద అక్షరాలతో రాసుకోండి. నా రివ్యూలు ఎక్కువగా అక్కడినుంచే మొదలవుతాయి.

4. ఇప్పుడు అసలు పని: జంట

రెండోసారి మొత్తం చూడక్కర్లేదు. ఇద్దరూ కలిసి ఉన్న సీన్లు మాత్రం మళ్లీ చూడండి. ఒక సినిమాలో అవి మీరనుకున్నదానికంటే చాలా తక్కువ ఉంటాయి, లెక్కపెడితే ఒక్కోసారి నవ్వొస్తుంది. రెండున్నర గంటల "అమర ప్రేమ"లో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నది నాలుగు సీన్లు, మిగతాది పాటలూ, ఫ్రెండ్స్‌తో కామెడీ, నాన్నతో గొడవ.

చూశాక, అబ్బాయి గురించి రెండు వాక్యాలు, అమ్మాయి గురించి రెండు వాక్యాలు రాయండి. అందం, మంచితనం, అల్లరి అనే మాటలు వాడకూడదు. అబ్బాయి గురించి సాధారణంగా వచ్చేస్తుంది: ఏం చదివాడు, ఏం చేయాలనుకుంటున్నాడు, నాన్నంటే ఎందుకు భయం. అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోతే రివ్యూకి కావాల్సిన పాయింటు దొరికినట్టే. మా పిన్ని ప్రశ్నను అబ్బాయి వైపు తిప్పి కూడా అడగాలి: వాడికి ఆ పిల్లలో ఏం కనపడింది? గాలికి జుట్టు ఎగరడం, వాన, గుడి మెట్లు, స్లో మోషన్ కాకుండా ఇంకేమైనా కనపడిందా?

కెమిస్ట్రీ అనే మాట మనం ఉప్పులా చల్లేస్తాం. దాన్ని పట్టుకోవడానికి నేను రెండు పనులు చేస్తాను, రెండూ థియేటర్లో కుదరనివే. ఒకటి, ఇద్దరూ ఉన్న సీను రెండు నిమిషాలు మ్యూట్‌లో పెట్టి చూడటం. మాటల్లేకుండా కూడా ఎవరు ఎవరి కోసం చూస్తున్నారో తెలిస్తే నటులు పని చేస్తున్నారు. తెలియకపోతే ఇంతసేపూ పని చేసింది బీజీఎం, అంటే వెనక వాయించే సంగీతం. రెండోది, ఇద్దరూ పదిమందిలో ఉన్న సీను వెతకడం, పెళ్లి భోజనాలో, ఆఫీసు మీటింగో, సిటీ బస్సో. ఒంటరిగా ఉన్నప్పుడు దగ్గరితనం చూపించడం తేలికే. పదిమందిలో ఉండి కూడా ఒకళ్ల విస్తరి వైపు ఇంకొకళ్లు చూడటం, నవ్వు ఆపుకోవడం, అక్కడ తెలుస్తుంది.

ఆ తర్వాత ఒక మార్పు వెతకండి. ఇతని వల్ల ఆమె, ఆమె వల్ల ఇతను, ఇంతకుముందు చేయని పని ఒక్కటైనా చేశారా? చిన్నదైనా సరే, అబద్ధం ఒప్పుకోవడం, అన్నయ్యకు ఎదురు మాట్లాడటం. అలాంటిది ఒక్కటి కూడా దొరక్కపోతే ఆ జంట కలిస్తే ఏంటి, విడిపోతే ఏంటి?

ఇక వెంటపడటం గురించి. ఇది మన ప్రేమకథల పాత జబ్బు, దీని గురించి రాయడానికి చాలామంది రివ్యూయర్లు మొహమాటపడతారు. ఆమె ఇష్టం లేదని స్పష్టంగా చెప్పాక కూడా మళ్లీ మళ్లీ వెంటపడి మాట కలపాలని చూడటం 2013 నుంచి విడిగా ఒక నేరం, అప్పట్లో పాత శిక్షాస్మృతి ఐపీసీలో 354డి, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. రివ్యూలో సెక్షన్లు ఏకరువు పెట్టమని కాదు. పాత్ర తప్పు చేయొచ్చు, తప్పు చేసే మనుషుల మీదే కదా కథలు. చూడాల్సింది సినిమా ఎవరి పక్షాన నిలబడిందని. దానికి తేలిక దారి, బీజీఎం వినండి. అతను ఆమె కాలేజీ గేటు దగ్గర నాలుగోసారి నిలబడినప్పుడు వెనక గిటార్ వస్తుందా, లేకపోతే ఆమె గుండె దడ వినిపిస్తుందా? గిటార్ వస్తే సినిమా అతని జేబులో ఉంది. ఆ ఒక్క గమనింపు రాయండి చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

5. అడ్డంకి ఎంత గట్టిది?

ప్రేమకథకు అడ్డంకే ఇంజిన్. కులం, డబ్బు, ఊరు, వయసు, ఒంటి రంగు, అమెరికా వీసా, ఏదైనా కావచ్చు. కలర్ ఫోటో 1990ల నాటి మచిలీపట్నంలో జరుగుతుంది. అబ్బాయి నలుపు, అమ్మాయి అన్న పోలీసు, ఆ అన్నకు ఆ రంగంటే సహించదు. సునీల్ చేసిన ఆ పాత్ర కనిపించినప్పుడల్లా భయం వేస్తుంది కాబట్టే సుహాస్, చాందినీ చౌదరి నవ్వుకునే చిన్న చిన్న సీన్లకు విలువ వచ్చింది. ఆ సినిమాకు 68వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రం వచ్చిందని రివ్యూలో రాస్తే సమాచారం అవుతుంది, అడ్డంకి ఎలా పని చేసిందో రాస్తే రివ్యూ అవుతుంది.

మన సినిమాల్లో కులం చాలాసార్లు పేరు లేకుండా తిరుగుతుంది. "వాళ్లు మనవాళ్లు కాదు", "మన స్థాయి ఏంటి" అంటారు, అక్కడితో సరి. సినిమా ఆ మాటను కావాలని దాచిందా, భయపడి దాచిందా అని అడగడం రివ్యూయర్ పని. ఇంటి గోడ మీది ఫోటోలు, ఇంటి పేర్లు, భోజనాల దగ్గర ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఇవి పాజ్ చేసి చూసుకునే వీలు మీకుంది, వాడుకోండి.

దీనికి వ్యతిరేకం ఫోన్ కాల్ అడ్డంకి. "నువ్వు చూసింది మా అక్కని" అని ఒక్క ఫోన్ చేస్తే తీరిపోయే అపార్థం. మా పిన్ని భాషలో, "నోరు లేదా వీళ్లకి?"

6. సిరీస్ అయితే

పై అపార్థం సినిమాలో పదిహేను నిమిషాలు నడుస్తుంది, సిరీస్‌లో మూడు ఎపిసోడ్లు మింగేస్తుంది. నేను నోట్సులో ప్రతి గొడవకూ మొదలైన ఎపిసోడ్, తీరిన ఎపిసోడ్ రాసుకుంటాను. కొరియన్ ప్రేమ సిరీస్‌లు చూసేవాళ్లకు ఇది బాగా తెలుసు. సాధారణంగా పదహారు ఎపిసోడ్లుంటాయి, చివర్లో అంతా సుఖంగా ఉందనుకుంటుండగా ఒక ఎడబాటు వచ్చి పడుతుంది. అది కథలోంచి పుట్టిందా, పదహారు నింపడానికి పుట్టిందా చూడాలి.

రెండు ఎపిసోడ్లు చూసి మొత్తానికి తీర్పు చెప్పకండి. వారానికొకటి వచ్చేదైతే ఎన్ని చూశారో మొదటి పేరాలోనే చెప్పేయండి. అన్నీ ఒకేసారి వచ్చినవైతే ఒక్క రాత్రిలో లాగించేసి తెల్లారి రాయొద్దు, ఆరో గంటకి అందరూ విసుగ్గానే కనిపిస్తారు, ఆ విసుగు సిరీస్‌దో నిద్రదో మీకే తెలియదు.

7. గొంతు, డబ్బింగ్

తెలుగులో ప్రేమ చాలావరకు అరువు గొంతుతో వస్తుంది. 2010లో వచ్చిన "ఏ మాయ చేసావె" సినిమాలో సమంతకు గొంతిచ్చింది చిన్మయి. ఆ పాత్రను ఇష్టపడ్డవాళ్లు సగం ప్రేమించింది ఆ గొంతునే అంటే కాదనగలరా? కాబట్టి "హీరోయిన్ బాగా చేసింది" అని రాసేముందు టైటిల్స్ చివర్లో డబ్బింగ్ పేర్లు చూడండి, యాప్ తర్వాతి ఎపిసోడ్‌కి లాక్కెళ్లిపోతుంది, వెనక్కి వచ్చి మరీ చూడండి.

వేరే భాష నుంచి వచ్చినదైతే ఒక ముఖ్యమైన సీను రెండు ఆడియోల్లోనూ చూడండి. భాష రాకపోయినా పర్లేదు, ఊపిరి తెలుస్తుంది. 2024లో వచ్చిన మలయాళం సినిమా "ప్రేమలు" హైదరాబాద్‌లో జరిగే కథ, దాని తెలుగు మాటలు 90స్ సిరీస్ తీసిన ఆదిత్య హాసన్ రాశారు. మలయాళం జోకును మక్కీకి మక్కీ దించకుండా, ఇక్కడి కుర్రాళ్లు ఎలా వెక్కిరించుకుంటారో అలా రాయడం వల్ల అది డబ్బింగ్ అన్న సంగతే చాలామంది మర్చిపోయారు. నేరుగా తెలుగులో తీసినవాటికి కూడా ఇదే చెవి పెట్టండి. బందరు అమ్మాయి బంజారాహిల్స్ తెలుగు మాట్లాడితే, వరంగల్ అబ్బాయి "గదేంది" అని నాలుగుసార్లు అని ఐదోసారి మర్చిపోతే, ప్రేమ మీద నమ్మకం కూడా దాంతోపాటే పోతుంది.

పాటలకు ఒక్క పరీక్ష చాలు. పాట వచ్చినప్పుడు స్కిప్ కొట్టండి. తర్వాతి సీనులో ఇద్దరి మధ్య ఏదో మారినట్టుండి మీకు అర్థం కాకపోతే ఆ పాట అవసరమైనదే.

8. రాయడం

ముందు వీటిని చెత్తబుట్టలో వేయండి: ఫీల్ గుడ్ ఎంటర్‌టైనర్, నిర్మాణ విలువలు రిచ్‌గా ఉన్నాయి, తమ పాత్రల పరిధి మేరకు నటించారు, ఎడిటింగ్ ఇంకాస్త క్రిస్ప్‌గా ఉండాల్సింది, వన్ టైమ్ వాచ్. సినిమా చూడకుండానే రాయగలిగిన వాక్యం రివ్యూలో ఉండకూడదు.

ఉదాహరణకి (ఈ సినిమా నేను కల్పించిందే) ఇలా రాస్తారు చాలామంది: "లీడ్ పెయిర్ మధ్య కెమిస్ట్రీ బాగా వర్కవుట్ అయింది. ద్వితీయార్ధం కాస్త నెమ్మదించినా ఎమోషన్స్ కనెక్ట్ అవుతాయి."

ఇలా రాసి చూడండి: "బస్టాండులో వన్ బై టూ టీ తాగుతూ ఆమె తన జీతం గురించి అబద్ధమాడుతుంది, బస్సెక్కాక కిటికీలోంచి నిజం చెప్పేస్తుంది. వీళ్లు ప్రేమలో పడ్డారని నేను నమ్మింది అక్కడ. పెళ్లిచూపుల తర్వాత మాత్రం నలభై నిమిషాలపాటు ఇద్దరూ ఒక ఫ్రేములో కనిపించరు, అంత దూరం మోసే కథ దర్శకుడి దగ్గర లేదు." పొడవు పెరిగింది, నిజమే, కానీ చదివినవాళ్లకు చూడాలో వద్దో తెలిసింది.

కథ ఎంతవరకు చెప్పాలి? సినిమాలో మొదటి పావు వంతు, సిరీస్‌లో మొదటి ఎపిసోడ్, అంతే. ప్రేమకథలో అసలు స్పాయిలర్ ట్విస్టు కాదు, కలిశారా విడిపోయారా అన్నదే. "గుండె బరువెక్కుతుంది", "కర్చీఫ్ దగ్గర పెట్టుకోండి" అన్నా చెప్పేసినట్టే, తెలివైన పాఠకుడు పట్టేస్తాడు.

"ఫ్యామిలీతో చూడొచ్చా?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది, దాన్ని వెక్కిరించకండి. ఒకే గదిలో ఒకే టీవీ ఉన్న ఇంట్లో, అత్తామామల మధ్య కూర్చున్నవాళ్లకి అది నిజమైన టెన్షన్. నేరుగా ఓటీటీకి వచ్చేవాటికి సెన్సార్ సర్టిఫికెట్ అక్కర్లేదు, 2021 ఐటీ నిబంధనల ప్రకారం ప్లాట్‌ఫామే యూ, యూ/ఏ 7+, 13+, 16+, ఏ అని వేసుకుంటుంది. ఆ 16+ దేనికో మీరు విడమరచి చెప్పండి: బూతులా, ముద్దులా, కొట్టడమా, ఎన్నో ఎపిసోడ్‌లో. ముద్దు సీనుకు ఇబ్బంది పడే ఇల్లు చెంపదెబ్బకు ఇబ్బంది పడకపోవడం నాకు వింతే. అందుకే హీరో హీరోయిన్‌ని కొడితే అదీ ఈ లిస్టులోనే రాస్తాను.

9. పోస్టు చేసేముందు

రేటింగ్ ఇవ్వాలనుకుంటే ఇవ్వండి. తెలుగు రివ్యూల్లో కనిపించే ఆ 2.75 ఎవరు కనిపెట్టారో గానీ, ఆ పావు మార్కు ఎక్కడ తగ్గిందో చెప్పలేనప్పుడు గుండ్రంగా మూడు వేయడమే నయం.

ఫోటోల కోసం స్క్రీన్‌షాట్ తీయబోతే చాలా యాప్‌లలో నల్లగా వస్తుంది, పబ్లిసిటీకి వదిలిన స్టిల్స్ వాడుకోండి. విమర్శ కోసం, రివ్యూ కోసం కొంత భాగం న్యాయంగా వాడుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వీలిస్తుంది, అలాగని క్లైమాక్స్ మొత్తం వీడియోలో పెట్టేసి పైన రెండు ముక్కలు మాట్లాడితే అది రివ్యూ అవ్వదు. ముందుగా చూడటానికి లింకు ఎవరైనా పంపినా, డబ్బులిచ్చినా, కనీసం గిఫ్ట్ హాంపర్ పంపినా మొదట్లోనే చెప్పండి. ఇన్‌ఫ్లుయెన్సర్లు ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ 2021లోనే మార్గదర్శకాలు ఇచ్చింది.

చివర ఒక లైను వేయండి: ఏ తేదీన చూశారు, ఏ భాష ఆడియోలో, ఎంత నిడివి, ఎన్ని ఎపిసోడ్లు. థియేటర్లో ఆడిన కాపీకీ ఓటీటీ కాపీకీ నిడివి తేడా ఉండొచ్చు, పాట కోసేయొచ్చు, సీను కలపొచ్చు. మీరు తిట్టిన సీను ఆర్నెల్ల తర్వాత చూసినవాళ్లకి అసలు కనిపించకపోతే, ఈ లైనే మీ సాక్షి.